ఒకటే కుక్కరు, ఒకటే పోపు: వేసవి రాత్రికి జొన్న గట్క, పెసరపప్పు, మామిడికాయ పచ్చి పులుసు, సొరకాయ పెరుగు పచ్చడి

ఏప్రిల్ మధ్య నుంచి తొలకరి పడే వరకు తెలంగాణలోనూ రాయలసీమలోనూ పగటి ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, పొద్దుగూకిన తరువాత కూడా వంటింటి గోడలు వేడిని వదలవు. అటువంటి ఇంట్లో రాత్రి వంట కోసం గంటన్నర సేపు పొయ్యి వెలిగించి నిలబడితే, వండినవారికి తినాలన్న కోరికే మిగలదు. తేలికైన భోజనం అనగానే చాలామంది నూనె తగ్గించడం గురించో అన్నం మానేయడం గురించో ఆలోచిస్తారు. వేసవిలో ముందుగా తగ్గించవలసింది పొయ్యి వెలిగే సమయం అని నా అభిప్రాయం. ఆ ఒక్కటి కుదిరితే పుల్లగా, చల్లగా, పలుచగా ఉండే వంటకాలే సహజంగా విస్తట్లోకి వస్తాయి. మన పొలాల్లో ఈ కాలానికి పండేవి కూడా దాదాపు అన్నీ అటువంటి వంటలకు సరిపడేవే.

ఇక్కడ వివరించే భోజనం నలుగురికి సరిపోతుంది. నానబెట్టే సమయాన్ని పక్కన పెడితే మొత్తం పని 40 నిమిషాలు. అందులో పొయ్యి వెలిగేది సుమారు అరగంట. పప్పు, మామిడికాయ, సొరకాయ మూడూ ఒకే కుక్కరులో ఉడుకుతాయి. జొన్న రవ్వను నీళ్ళలో మెత్తగా ఉడికించి చేసే గట్క రెండో పొయ్యి మీద తన పాటికి తాను ఉడుకుతుంది. పచ్చి పులుసుకు, పెరుగు పచ్చడికి, పప్పుకు కలిపి పోపు ఒక్కసారే వేస్తాము.

బజారులో ఏం చూసుకోవాలి

రైతులు తమ పంటను నేరుగా అమ్ముకునేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన రైతు బజార్లు ఈ వంటకు అన్నిటికన్నా అనువైన చోటు. అక్కడ ప్రతిరోజూ ధరల పట్టిక రాసి పెడతారు కనుక బేరం గొడవ తక్కువ. వేసవిలో మాత్రం పొద్దున 8 గంటల లోపు వెళ్ళడం మంచిది. మధ్యాహ్నానికి ఆకుకూర వడలిపోతుంది, సొరకాయ తొడిమ ఎండిపోయి కాయ వయసు చెప్పడం కష్టమవుతుంది. ఊరి అంగడి దగ్గరలో ఉన్నవారికి ఈ చింత ఉండదు.

మామిడికాయ ఒకటి చాలు, పావు కిలో బరువుండాలి. ఊరగాయకు ఏరినంత శ్రద్ధగా ఏరనక్కరలేదు. కండ గట్టిగా ఉండి, ముక్కు దగ్గర పసుపు తిరగని ఏ పుల్లని కాయైనా పనికి వస్తుంది. తోతాపురిలో పులుపు తక్కువ కనుక అది తప్ప మరొకటి దొరకనప్పుడు ఒకటిన్నర కాయ తీసుకోవాలి. జగిత్యాల, కొల్లాపూర్, నూజివీడు వంటి తోటల ప్రాంతాల్లో ఈదురు గాలులు వీచిన మరునాడు రాలిన కాయలు కుప్పలుగా చవకగా అమ్ముతారు. అవి నిల్వకు పనికిరావు గానీ, పగలకుండా ఒక పక్క కమిలినవి మాత్రమే అయితే అదే రోజు ఉడికించుకునే ఈ పులుసుకు చక్కగా సరిపోతాయి. నష్టపోయిన రైతుకు నాలుగు రూపాయలు చేరతాయన్నది మరొక కారణం.

సొరకాయ లేతగా ఉండాలి. గోరు ఆనిస్తే తొక్కలో దిగాలి. చేతిలో పట్టుకుంటే పరిమాణానికి తగిన బరువుండాలి. ఇంటికి తెచ్చాక కోసి, చిన్న ముక్క నాలుక మీద పెట్టుకొని చేదు చూడడం తప్పనిసరి. చేదుగా ఉంటే ఆ ముక్కను ఉమ్మివేసి, కాయ మొత్తాన్ని పారవేయాలి. దోస, సొర జాతి కాయల్లో చేదుకు కారణమైన పదార్థం వంట వేడికి పోదు; చేదు సొరకాయ తిన్నవారికి తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. నీరు తక్కువై, ఎండకు మొక్క అల్లాడినప్పుడు ఈ చేదు ఎక్కువవుతుంది కనుక వేసవిలో ఈ పరీక్షను ఎన్నడూ వదలకూడదు.

జొన్నలు ఆదిలాబాద్, సంగారెడ్డి, కర్నూలు, నంద్యాల వైపు యాసంగిలో పండి, ఎండలు ముదిరేసరికి కొత్త గింజలుగా అంగళ్ళకు చేరతాయి. మిక్సీలో బరకగా పట్టి జల్లించుకుంటే పైన రవ్వ, కింద పిండి వస్తాయి; గట్కకు రెండూ కావాలి. పట్టుకునే ఓపిక లేకపోతే జొన్న రవ్వ పొట్లం, కొంచెం జొన్న పిండి కొనుక్కోవచ్చు. కోస్తాలో వరి కోతల తరువాత మాగాణుల్లో చల్లిన పెసర కూడా వేసవి ముఖాన ఇళ్ళకు చేరుతుంది కనుక కొత్త పెసరపప్పు దొరకడం కష్టం కాదు.

కొలతలు చెబుతాను. 200 మిల్లీలీటర్ల గ్లాసును ప్రమాణంగా తీసుకోవాలి. జొన్న రవ్వ ఒకటిన్నర గ్లాసు, జొన్న పిండి మూడు చెంచాలు, పెసరపప్పు ముప్పావు గ్లాసు, సొరకాయ సుమారు 400 గ్రాములు, పెరుగు రెండు గ్లాసులు, పెద్ద ఉల్లిగడ్డలు రెండు, పచ్చిమిరపకాయలు ఆరు, నువ్వులు రెండు పెద్ద చెంచాలు, నిమ్మకాయంత బెల్లం, చిన్న అల్లం ముక్క, వెల్లుల్లి ఆరు రెబ్బలు, కొత్తిమీర ఒక చిన్న కట్ట. పోపు దినుసులు ఇంట్లో ఉండేవే. గంగవాయిలి కూర దొరికితే ఒక కట్ట తప్పక తెచ్చుకోవాలి. మిగతా ఆకుకూరలు ఎండకు మాడిపోయే రోజుల్లో కండగల ఈ చిన్న ఆకు నిగనిగలాడుతూ పెరుగుతుంది, పైగా దానిలో సహజంగా కొద్దిపాటి పులుపు ఉంటుంది.

ముందుగా చేసి పెట్టుకోవలసినవి

పెరుగు మధ్యాహ్నం తోడు పెట్టాలి. వేసవిలో నాలుగైదు గంటల్లో గట్టిపడుతుంది కనుక లీటరు పాలకు అర చెంచా తోడు చాలు. చలికాలం అలవాటుతో రెండు చెంచాలు వేస్తే సాయంత్రానికి పులిసి కూర్చుంటుంది. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. మట్టి ముంతలో తోడుపెడితే ముంత నీటిని పీల్చుకొని పెరుగు గట్టిగా వస్తుంది. పెరుగు పచ్చడికి అటువంటిదే రుచి.

జొన్న రవ్వను వంటకు గంట ముందు కడిగి, మునిగేటట్లు నీళ్ళు పోసి నానబెట్టాలి. పొద్దుననే నానబెట్టి బయట వదిలితే ఈ వేడికి సాయంత్రానికి పులుపు వాసన వస్తుంది. పొద్దున తప్ప వీలుకాని ఉద్యోగస్తులు గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

మామిడికాయ తొడిమ కోసి, కాయను పది నిమిషాలు తలకిందులుగా నిలబెడితే సొన కారిపోతుంది. ఆ తరువాత బాగా కడగాలి. కాయను తొక్కతో సహా ఉడికించబోతున్నాము కనుక సొన మిగిలితే పెదవులు, గొంతు దురద పెడతాయి.

కుక్కరు

పెసరపప్పును పొడి మూకుడులో సన్నని మంట మీద రెండు మూడు నిమిషాలు, కమ్మని వాసన వచ్చే వరకు మాత్రమే వేయించాలి. వేయించని పెసరపప్పు ఉడికాక జిగురుగా అంటుకుంటుంది. ఎర్రగా వేగితే ఉడకడానికి మొండికేస్తుంది. కడిగి, రెండు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు వేసి కుక్కరు అడుగు గిన్నెలో పెట్టాలి. ఉప్పు ఇప్పుడే వేయనక్కరలేదు.

దాని పైగిన్నెలో అంగుళం ముక్కలుగా కోసిన సొరకాయను నీళ్ళు పోయకుండా పెట్టాలి. ఆ ముక్కలకు తమ నీరు తమకు సరిపోతుంది. అన్నిటికన్నా పైన చిన్న గిన్నెలో మామిడికాయను చెక్కు తీయకుండా, కోయకుండా అలాగే ఉంచాలి. కాయను పప్పులోనే వేసి ఉడికిస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. పులుపు తగిలిన పప్పు మెత్తబడదు, అందుకే ఈ వేరు గిన్నె. కుక్కరు అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోసి, మూత పెట్టి, మూడు విజిళ్ళు రాగానే కట్టేయాలి. విజిల్ ఎత్తి ఆవిరిని బలవంతంగా వదలకూడదు. పప్పు చివరి మెత్తదనం ఆ నిదానపు ఆవిరిలోనే వస్తుంది, గ్యాసు కూడా మిగులుతుంది.

గట్క

కుక్కరు ఒక పొయ్యి మీద ఎక్కగానే రెండో పొయ్యి మీద అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఆరు గ్లాసుల నీళ్ళు మరగబెట్టాలి. రవ్వ నానిన నీళ్ళను కూడా ఈ లెక్కలోనే వాడుకోవచ్చు. నీళ్ళు తెర్లుతుండగా ఉప్పు, నానిన రవ్వ వేసి, మొదటి ఐదు నిమిషాలు గరిటె ఆపకుండా కలపాలి. రవ్వ అడుగున పేరుకొని ముద్ద కట్టేది ఈ ఐదు నిమిషాల్లోనే. నీళ్ళలో రవ్వ తేలిపోతూ సమంగా ఉడకడం మొదలైన తరువాత మంట తగ్గించి, మూత ఓరగా పెట్టి, పది పన్నెండు నిమిషాలు వదిలివేయవచ్చు. నడుమ ఒకటి రెండుసార్లు అడుగు నుంచి కలిపితే చాలు.

ఒక పలుకును వేళ్ళ మధ్య నలిపి చూడాలి. లోపల తెల్లటి చుక్క కనిపించకపోతే రవ్వ ఉడికినట్లు. అప్పుడు మూడు చెంచాల జొన్న పిండిని అర గ్లాసు చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని ధారగా పోస్తూ కలియబెట్టాలి. పిండి ఉడికి పచ్చివాసన పోవడానికి మరో నాలుగైదు నిమిషాలు పడుతుంది. గట్క దించేటప్పుడు మనకు కావలసినదానికన్నా కొంచెం పలుచగా కనిపించాలి, ఎందుకంటే చల్లారేకొద్దీ అది బిగుస్తుంది. చేత్తో ముద్ద చేసుకొని తినేవారికి గట్టిగా, మజ్జిగతో జుర్రుకునేవారికి జారుగా ఉండాలి. ఈ విషయంలో ప్రతి ఇంటికీ ఒక పట్టుదల ఉంటుంది, దానిలో జోక్యం చేసుకోకపోవడమే మంచిది.

పచ్చి పులుసు

ఈ భోజనానికి ప్రాణం ఇదే. గట్క ఉడుకుతున్నంత సేపు మీ చేతులు దీని మీదే ఉండాలి. తెలంగాణలో పచ్చి పులుసును ఏడాది పొడుగునా చింతపండుతో చేస్తారు. మామిడి కాలంలో కాయ గుజ్జుతో చేసుకుంటే పులుపులో ఒక పచ్చిదనం, ఒక సువాసన చేరతాయి.

ముందుగా నువ్వులను చిటపటలాడే వరకు దోరగా వేయించి, అర చెంచా జీలకర్ర కలిపి, చల్లారాక బరకగా పొడి చేయాలి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే నూనె తేలి ముద్దవుతుంది. ఉత్తర తెలంగాణలో యాసంగి నువ్వుల కోత కూడా ఎండాకాలంలోనే సాగుతుంది కనుక కొత్త నువ్వులు దొరికితే వాటి కమ్మదనం ఈ పులుసులో స్పష్టంగా తెలుస్తుంది. మూడు పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి, మంట మీద పట్టకారుతో పట్టుకొని తొక్క మీద నల్లని మచ్చలు పడేదాకా కాల్చాలి. గాటు పెట్టని కాయ టప్పున పేలుతుంది.

ఉల్లిగడ్డలను సన్నగా పొడుగ్గా తరిగి, వెడల్పు గిన్నెలో వేసి, ఉప్పు, కాల్చిన మిరపకాయలు, సగం కొత్తిమీర చేర్చి చేత్తో గట్టిగా పిసకాలి. చెంచాతో కలిపి ఊరుకుంటే ఉల్లి ఘాటు ఉల్లిలోనే ఉండిపోతుంది, నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. ఉప్పుతో పిసికినప్పుడు ఉల్లి రసం వదులుతుంది, మిరపకాయ కాలిన వాసన ఆ రసానికి పడుతుంది, పులుసుకు అడుగున ఉండవలసిన రుచి అక్కడ తయారవుతుంది. కారం చేతికి మండే స్వభావం ఉన్నవారు మిరపకాయలను రోట్లో నలిపి వేసుకొని, ఉల్లిని మాత్రమే చేత్తో పిసకవచ్చు.

కుక్కరు మూత తీసేసరికి మామిడికాయ రంగు మారి, ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. చల్లారాక తొక్క ఒలిచి, టెంక చుట్టూ ఉన్న గుజ్జునంతా పిండి తీసుకోవాలి. తొక్కకు వగరు ఎక్కువ, దాన్ని వాడకూడదు. గుజ్జు మొత్తాన్ని ఒకేసారి కలపడం మంచిది కాదు. చూపుతో పులుపు తేలదు కనుక మొదట నాలుగు చెంచాలు వేసి, మూడు గ్లాసుల చల్లని నీళ్ళు పోసి, తురిమిన బెల్లం కరిగించి, రుచి చూసి, ఆ తరువాత తక్కిన గుజ్జు ఎంత వేయాలో నిర్ణయించుకోవాలి. బెల్లం పులుపును మింగకూడదు, దాని పదునును కాస్త తగ్గిస్తే చాలు. నాలుక మీద ముందు పులుపు, వెంట ఉప్పు, చివర తీపి తగిలితే సరిగ్గా కుదిరినట్లు. పులుసు చారంత పలుచగా ఉండాలి. నువ్వుల పొడిని వడ్డనకు కొద్ది నిమిషాల ముందు కలిపితే కమ్మగా తేలుతుంది; ముందే వేస్తే నాని చిక్కబడుతుంది.

ఈ పులుసును మళ్ళీ పొయ్యి మీద పెట్టము. అందుచేత ఇందులో పోసే నీళ్ళు తాగడానికి పనికివచ్చే మంచినీళ్ళే అయి ఉండాలి. కాచి చల్లార్చి కుండలో పోసిన నీళ్ళయితే మరీ మంచిది. ఫ్రిజ్ నీళ్ళు, ఐసు ముక్కలు వాడితే బెల్లం కరగదు, పోపు నూనె గడ్డకట్టినట్లు పైన తేలుతుంది.

ఒకే పోపు, రెండు దఫాలు

చిన్న మూకుడులో మూడు పెద్ద చెంచాల పల్లీ నూనె కాచి, చెంచా ఆవాలు, చెంచా జీలకర్ర, రెండు చెంచాల మినప్పప్పు, తుంచిన ఎండుమిర్చి నాలుగు, రెండు రెమ్మల కరివేపాకు, చిటికెడు ఇంగువ వేయాలి. మినప్పప్పు బంగారు రంగు తిరగగానే మూడో వంతు పోపును పెరుగు పచ్చడి గిన్నెలోకి తీసేయాలి. మిగిలిన నూనెలో నలగ్గొట్టిన వెల్లుల్లి వేసి, ఎర్రబడనిచ్చి, సగం పప్పులోకి, సగం పచ్చి పులుసులోకి ఒంపాలి. పెరుగులో వెల్లుల్లి నాకు రుచించదు కనుక ఈ వరుస పెట్టుకున్నాను. మీ ఇంట్లో ఇష్టమైతే ఒకే దఫాలో ముగించవచ్చు.

పప్పును పోపు కలిపే ముందే గుత్తితో ఒకటి రెండుసార్లు మెదిపి, ఉప్పు వేసి ఉంచాలి. గంగవాయిలి కూర తెచ్చుకుంటే కడిగి తరిగి, పప్పులో వేసి ఐదు నిమిషాలు ఉడికించిన తరువాత పోపు పెట్టాలి. ఆకు నేలను అంటుకొని పెరుగుతుంది కనుక ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్ళలో కడగడం అవసరం. పప్పు గరిటె జారుగా ఉంటేనే గట్కతో కలుస్తుంది. బిగిసిపోతే వేడి నీళ్ళతో పలుచన చేసుకోవచ్చు.

పెరుగు పచ్చడి

ఉడికిన సొరకాయ ముక్కలు పూర్తిగా చల్లారాలి. వేడి ముక్కల మీద పెరుగు పోస్తే విరిగినట్లు నీరు వదులుతుంది. మిగిలిన మూడు పచ్చిమిరపకాయలు, అల్లం కలిపి కచ్చాపచ్చాగా దంచి, తీసి ఉంచిన పోపు వేడిగా ఉన్నప్పుడే అందులో కలిపితే పచ్చి ఘాటు తగ్గుతుంది. ముక్కలను చేత్తో కొద్దిగా చిదిమి, ఈ పోపులో కలిపి, చిలికిన పెరుగు పోయాలి. ఉప్పు మాత్రం విస్తరి ముందు కూర్చునేటప్పుడే వేయాలి. సొరకాయ దొరకనప్పుడు దోసకాయను పచ్చిగానే సన్నగా తరిగి వాడవచ్చు. దోసకూ చేదు పరీక్ష వర్తిస్తుంది, గింజల దగ్గర కూడా రుచి చూడాలి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి సొరకాయకు బదులు అక్కడి వేసవి సంతల్లో విరివిగా దొరికే లేత జుకినీ సరిపోతుంది, అయితే దానికి కుక్కరు అవసరం లేదు. మూకుడులో మూడు నిమిషాలు మగ్గితే చాలు.

వడ్డన, మిగిలినవి

గట్క గోరువెచ్చగా, పచ్చి పులుసు, పెరుగు పచ్చడి చల్లగా ఉన్నప్పుడు భోజనం చేయాలి. గట్క నడుమ గుంట చేసి పప్పు, అర చెంచా నెయ్యి వేసుకొని, ఒక్కో ముద్దకు కొంచెం పచ్చి పులుసు తడుపుకుంటూ తింటారు. గట్క అలవాటు లేని పిల్లలకు పక్కన కొద్దిగా అన్నం ఉంచడం తెలివైన పని. ముద్దపప్పు, పచ్చి పులుసు జోడీ అన్నంతో కూడా ప్రసిద్ధమైనదే. పొద్దున బజారులో ముంజలు దొరికి ఉంటే తీపి వంటకం గురించి ఆలోచించనక్కరలేదు. అవి కొట్టిన రోజే తినాలి; రెండో రోజుకు లోపలి నీరు పులిసి కండ బిగుస్తుంది. పైపొర వగరుగా అనిపించేవారు ఒలుచుకొని తినాలి.

నీళ్ళు పోసి పులియబెట్టే గట్క తప్ప, వేసవి రాత్రి వండిన పదార్థాలను రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. పచ్చి ఉల్లి కలిసిన పచ్చి పులుసును మరునాటికి దాచవద్దు, కావలసినంతే కలుపుకోవాలి. మామిడి గుజ్జు మిగిలితే దాన్ని విడిగా ఫ్రిజ్‌లో పెట్టుకొని మరునాడు పప్పులో వేసుకోవచ్చు. పెరుగు పచ్చడి ఆ పూటకే. గట్క మిగిలితే ఉండలు చిదిపి, మునిగేటట్లు మంచినీళ్ళు పోసి, మట్టి పాత్రలో రాత్రంతా మూత పెట్టి ఉంచితే తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. అందులో పలుచని మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిగడ్డ కలుపుకొని ఎండ ఎక్కకముందే తాగాలి.